జౌగడ శాసనం చదవడానికి వెళ్లేవారికి: నా అనుభవం

ఒడిశాలోని బరంపురం మనవాళ్లు తారాతారిణి అమ్మవారి కొండకు వెళ్తారు గానీ, దానికి దగ్గర్లోనే ఋషికుల్య ఒడ్డున ఉన్న జౌగడకు వెళ్లేవాళ్లు తక్కువ. వెళ్లినవాళ్లూ "ఏముంది, ఒక రాయి" అంటూ వెంటనే తిరిగొచ్చేస్తారు. ఆ రాయి మీద ఉన్నవి క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో అశోకుడు చెక్కించిన శాసనాలు. సిద్ధపడకుండా వెళ్తే నిజంగానే ఏమీ కనబడదు. నేను పాటించే పద్ధతి రాస్తున్నాను.

పురుషోత్తమపురం దాకా బస్సు, అక్కడినుంచి ఆటో. బరంపురం నుంచి అంతా కలిపి సుమారు 35 కిలోమీటర్లు. ఆటో రానూపోనూ మాట్లాడుకుని, ఎంతసేపు ఆగాలో ముందే చెప్పాలి. తిరుగు బండి అక్కడ దొరుకుతుందని నమ్ముకోవద్దు. ఒడియా చైత్రమాసంలో, అంటే సుమారు మార్చి మధ్య నుంచి ఏప్రిల్ మధ్య దాకా, మంగళవారాలు వదిలేయండి. తారాతారిణి జాతరతో ఆ దారంతా కిక్కిరిసిపోతుంది.

అసలు పని ఇంటి దగ్గరే ఉంది. 1925లో జర్మన్ పండితుడు హుల్ష్ ప్రచురించిన అశోక శాసనాల సంపుటంలో జౌగడ పాఠం, రాతి మీదినుంచి కాగితం మీదికి తీసిన అచ్చుల ఫొటోలు ఉన్నాయి. ఆ పేజీలు ప్రింటు తీసుకోండి. శాసనం రాసిన బ్రాహ్మీ లిపి అక్షరాలన్నీ నేర్చుకోనక్కర్లేదు, ముందు అశోకుడి బిరుదు 'దేవానంపియ' (దేవతలకు ప్రియమైనవాడు) ఒక్కటి చాలు. అందులో న తలకిందులైన ఇంగ్లిషు 'టీ'లా ఉంటుంది, వ సున్నా మీద నిలువు గీతలా. అక్షరం పైన ఎడమకు చిన్న గీత ఉంటే ఏత్వం, కుడికి ఉంటే దీర్ఘం, పక్కన చుక్క ఉంటే సున్న. 'రాజా' కోసం వెతక్కండి. ఇక్కడి ప్రాకృతంలో ర బదులు ల వస్తుంది కాబట్టి రాయి మీద కనబడేది 'లాజా'.

రాతి మీద మూడు ఫలకాలున్నాయి. అశోకుడు చాలాచోట్ల రాళ్ల మీద చెక్కించిన పద్నాలుగు శాసనాల్లో 1 నుంచి 5 దాకా మొదటిదాంట్లో ఉన్నాయి. పెచ్చు ఊడిపోయి దాదాపు సగం పోయింది. రెండోదాంట్లో 6 నుంచి 10, ఆ తర్వాత 14. దీంట్లోనూ సుమారు మూడో వంతు లేదు. పెచ్చు పోయినచోట కళ్లు చించుకుని లాభం లేదు, ప్రింటులో చూసుకుని ముందుకు వెళ్లాలి. ఎదురుగా టార్చి వేస్తే గాట్లన్నీ చదునైపోతాయి. పక్కనుంచి, రాతిని దాదాపు ఆనుకున్నట్టు ఏటవాలుగా వెలుగు పడితేనే గాటు అంచున నీడ ఏర్పడి అక్షరం లేస్తుంది. కమ్మీల అవతలినుంచే చూడాల్సి వస్తే ఒకరు టార్చి పట్టుకోవాలి, ఇంకొకరు ఫొటో తియ్యాలి. అక్షరాలు తేలాలని సుద్ద రాయడం, నీళ్లు చల్లడం చేయకండి. ఊడిన పెచ్చులను మళ్లీ ఎవరూ అతికించలేరు.

ఎక్కువసేపు ఆగాల్సింది మూడో ఫలకం దగ్గర. ఆ పద్నాలుగింటిలో 11, 12, 13 శాసనాలు జౌగడలో లేవు. కళింగ యుద్ధంలో లక్షమంది చనిపోయారనీ, లక్షన్నరమందిని పట్టుకుపోయారనీ చెప్పేది 13వది. మిగతా చోట్ల చెక్కించిన ఆ లెక్కను, అది అనుభవించిన కళింగంలో చెక్కించలేదు. బదులుగా ఈ మూడో ఫలకం మీద, అప్పట్లో ఇక్కడున్న సమాపా నగర అధికారులకు అశోకుడు రెండు ప్రత్యేక శాసనాలు రాయించాడు: మనుషులందరూ నా బిడ్డలే, ఎవరినీ కారణం లేకుండా బంధించకండి, హింసించకండి అని. ఓడినవాళ్ల ముందు ఆ లెక్క చదివించడానికి మనసొప్పలేదనే నాకు అనిపిస్తుంది. వీటిని తిష్య నక్షత్రం, అంటే మన పుష్యమి రోజున చదివి వినిపించాలని కూడా అందులోనే ఉంది. అంటే ఇది చూసి పోవడానికి చెక్కిన రాయి కాదు, జనానికి వినిపించడానికి చెక్కినది. అందుకే ఒక్క వాక్యమైనా అక్కడే నిలబడి పైకి చదవండి.

చుట్టూ ఉన్న మట్టికోట గట్టు కూడా నడిచి చూడండి. మంచినీళ్లు, తిండి వెంట తీసుకెళ్లాలి. భువనేశ్వర్ పక్కనున్న ధౌళి కూడా చూసే ఉద్దేశం ఉంటే ఈ ప్రింటు దాచుకోండి. అక్కడా ఇవే ప్రత్యేక శాసనాలు అక్కడి నగరం తోసలి అధికారుల పేరున ఉన్నాయి, జౌగడలో అరిగిన చోట్లను వాటితో పోల్చి పూరించుకోవచ్చు.