ఆ తిమింగలం పుర్రె వయసెంత? నా అనుభవం

బల్ల మీద పుర్రె, పక్కన పెట్టెలో కొన్ని విడి ఎముకలు, దారంతో కట్టిన చీటీ. చీటీ మీద "మింకె, పెద్దది" అని రెండే ముక్కలు. మింకె అంటే తిమింగలాల్లో ఒక రకం. ఎప్పుడు దొరికిందో, ఎంత పొడవుందో ఏమీ లేదు. దాని వయసు అంచనా కట్టడమే నా ప్రాజెక్టు. రెండు వారాల పనే అనుకున్నాను. నాలుగు నెలలు పట్టింది.

డాల్ఫిన్ అయితే ఇంత తిప్పలు ఉండేది కాదు. పన్ను కోసి లోపలి పొరలు లెక్కపెడితే సరిపోయేది. మింకెలాంటి బలీన్ తిమింగలాలకు (నోట్లో జల్లెడలాంటి పలకలతో ఆహారం వడకట్టుకునేవి) పళ్లుండవు. తల్లి కడుపులో పంటి మొగ్గలు వస్తాయి గానీ పుట్టకముందే కరిగిపోతాయి. అందుకని వీటి వయసు చెవి గుబిలిలో చూస్తారు. నవ్వొచ్చినా నిజమే. ఏళ్ల తరబడి పేరుకుని గట్టిపడిన గుబిలిని నిలువుగా కోస్తే లేత, ముదురు చారలు కనిపిస్తాయి. 1955లో పర్వ్స్ అనే శాస్త్రవేత్త ఆ గుబిలి గురించి వివరంగా రాశారు. కానీ కడిగి ఆరబెట్టిన పుర్రెలో గుబిలి ఎక్కడుంటుంది? ఉన్నా, పిల్లల్లో చారలు మెత్తగా ఉంటాయి, చదవడం కష్టం. మింకెల్లో మరీను.

ఇక ఎముకలే దిక్కు. ముందుగా చెవి ఎముక తీసుకున్నాను. శంఖంలా ముడుచుకుని, అరచేతిలో పెడితే రాయిలా బరువు. కొలిచి చూస్తే పెద్ద మింకెల కొలతలకు దగ్గరగానే వచ్చింది. "చీటీ కరెక్టే" అని రాసి, ప్రాజెక్టు చూసే మేడమ్‌కి ఇచ్చాను.

"పుట్టిన పిల్లది కొలిచావా?" అన్నారు ఆవిడ.

లేదండీ అన్నాను. అలమరలోంచి అప్పుడే పుట్టిన ఒక మింకె పిల్ల చెవి ఎముక తీసి పక్కన పెట్టారు. తేడా కనిపెట్టడానికి కాలిపర్ కావాల్సి వచ్చింది. ఆ ఎముక పుట్టేనాటికే దాదాపు పూర్తి సైజుకి వచ్చేస్తుందట. వయసు అడగడానికి అంతకంటే పనికిరాని ఎముక ఇంకోటి దొరకదు, నేను సరిగ్గా దాన్నే పట్టుకున్నాను.

ఆ తర్వాత అతుకుల మీద పడ్డాను. వెన్నుపాము బయటికొచ్చే రంధ్రం చుట్టూ ఉండే ఎముక మొదట నాలుగు ముక్కలు, ఎదిగేకొద్దీ ఒకటైపోతాయి. మా పుర్రెలో టార్చి ఏటవాలుగా పెడితే ముక్కల మధ్య గీత ఇంకా తెలుస్తోంది. ఎముక పైపొర కూడా పెద్దవాటిలా నునుపుగా లేదు, స్పాంజిలా గుల్లగా ఉంది. పైదవడ ఎముకల మధ్య ఖాళీలు చూసి మాత్రం తొందరపడకూడదు. బలీన్ తిమింగలాల్లో అవి పెద్దయ్యాక కూడా వదులుగానే ఉంటాయి, ఆరినకొద్దీ పక్కలకు విచ్చుకుంటాయి. వెడల్పు కొలత ప్రతిసారీ ఒక్కోలా వస్తుంటే టేపునే అనుమానించాను.

అసలు సాక్ష్యం పెట్టెలో దొరికింది. నడుము దగ్గరి వెన్నుపూసను ఎత్తగానే దాని చివరి నుంచి గుండ్రటి బిళ్ల ఊడి చేతిలోకొచ్చింది. విరగ్గొట్టానని గుండె ఆగినంత పనైంది, గమ్ వెతుక్కున్నాను కూడా. విరగలేదు, అసలు అతుక్కోలేదు. ఎదిగేకొద్దీ ఈ బిళ్లలు మెడ వైపు నుంచీ తోక వైపు నుంచీ అతుక్కుంటూ వస్తాయి, నడిమి భాగం వంతు చివర్న. పెట్టెలో ఉన్న తోక పూసకు కూడా బిళ్ల కదులుతోంది. అంటే ఎదుగుదల ముగియడానికి చాలా దూరంలో ఉంది.

పుర్రె పొడవు 105 సెంటీమీటర్లు. మింకెలో తల ఒంటి పొడవులో దాదాపు ఐదో వంతు కాబట్టి, జంతువు సుమారు 5 మీటర్లు. పుట్టినప్పుడు రెండున్నర మీటర్లు దాటి ఉంటాయి, పెద్దవి 7 మీటర్ల పైనే. పాలు మానినదే, కానీ పెద్దది కాదు. "ఏడాదిన్నర" అని రాయబోతే మేడమ్ ఆపేశారు. అంకె వద్దు, దశ రాయమన్నారు.

కొత్త చీటీ మీద "ఎదుగుతున్న పిల్ల, పాలు మానిన దశ" అని పెన్సిల్‌తో రాశాను. పాతది తీసేస్తానంటే వద్దన్నారు. ఇప్పుడా పుర్రెకు రెండు చీటీలు.