మిక్సీ వెనక మాధురి

పడుకోవాల్సిన టైంలో ఇది టైప్ చేస్తున్నానంటే కారణం మా ఫ్యామిలీ గ్రూపు. పొద్దున బావగారు 'సుమీత్' అనే కంపెనీ మిక్సీ పుట్టిన కథ ఫార్వర్డ్ చేశారు. పైన 'భార్య మీద ప్రేమతో ఓ భర్త కనిపెట్టిన మిక్సీ' అని హెడ్డింగు, కింద గుండె బొమ్మలు. మగవాళ్ళంతా వరసగా దండాలు పెట్టారు. మా ఆయన రెండు పెట్టారు.

కథ అబద్ధమేమీ కాదు. సత్యప్రకాశ్ మాథుర్ బొంబాయిలో సీమెన్స్ కంపెనీలో ఇంజనీరు. ఆయన భార్య మాధురి దగ్గర జర్మనీ నుంచి వచ్చిన బ్రౌన్ కంపెనీ మిక్సీ ఒకటి ఉండేది. అది మన వంటకి తట్టుకోలేక మోటారు కాలిపోయింది. దాన్ని ఇక్కడ బాగుచేసే దిక్కు లేదు. మన పప్పులకీ మసాలాలకీ ఆగే మిక్సీ తనే చేస్తే పోలా అనుకుని ఆయన 1963లో పవర్ కంట్రోల్ అండ్ అప్లయన్సెస్ అనే కంపెనీ మొదలుపెట్టారు. సుమీత్ అక్కడ పుట్టిందే.

నా గొడవంతా ఆ హెడ్డింగుతో. ప్రేమ సంగతి వాళ్ళిద్దరికీ తెలియాలి. మరి ఆ మిషను ఎక్కడ చేతులెత్తేస్తుందో తేల్చింది ఎవరు? మాధురి గారి వంటిల్లే కదా! పాలూ పండ్లూ గిలక్కొట్టుకోవడానికి చేసిన దాంట్లో నానిన మినప్పప్పు వేస్తే ఏమవుతుంది? నీళ్ళు తక్కువ పోస్తాం కాబట్టి పిండి జిగటగా బిగుసుకుంటుంది. బ్లేడు తిరగడానికి మోటారు కరెంటు ఎక్కువ లాగుతుంది. లోపలి రాగితీగ వేడెక్కి, దాని మీది పూత మాడి, మనందరికీ తెలిసిన ఆ కంపు మొదలవుతుంది. ఎండు పసుపుకొమ్ముల సంగతైతే చెప్పక్కర్లేదు. అందుకే సుమీత్‌కి 500, 600 వాట్ల మోటారు పెట్టాల్సి వచ్చింది. ఫార్వర్డులో ఇవేవీ లేవు. ఆవిడ పేరు కూడా లేదు, 'భార్య' అంతే.

పైగా మా మిక్సీలో మోటారుకి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు అరిగిపోయి నిప్పురవ్వలు వస్తున్నాయి. సంక్రాంతి నుంచి 'ఆదివారం చూస్తా' అనే మాటే వింటున్నాను. అక్కడ మాత్రం దండాలు రెండు!

మా ఇంటికి సుమీత్ వచ్చినప్పుడు నేను మూడో క్లాసో, నాలుగో క్లాసో. నాన్న విజయవాడలో కొని తెనాలి దాకా బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చారు. నాయనమ్మే దానికి పసుపు రాసి బొట్టు పెట్టింది. మర్నాడు అందులో చేసిన అల్లప్పచ్చడి మాత్రం ముట్టుకోలేదు. "రోటి పచ్చడికి రాతి రుచి, దీనికి కరెంటు రుచి" అంది. అని ఊరుకుందా, పెరట్లో రోటి దగ్గర కూర్చుని, వీధి చివరిదాకా వినపడేలా తన పచ్చడి తనే నూరుకుంది. పక్కింటి పిన్నిగారు మాత్రం నానబెట్టిన పప్పు గిన్నెతో సహా దిగేవారు. సగం పిండిలో కరెంటు పోయిందంటే నాయనమ్మ మొహం చూడాలి! అమ్మ ఏమీ మాట్లాడకుండా ఆ సగం పిండీ రుబ్బురోట్లో వేసేది.

ఇదంతా తల్చుకుంటుంటే కోపం ఇంకాస్త పెరిగింది. అంతకుముందు మా ఇంట్లో ఇడ్లీ ఆదివారాలకీ, చుట్టాలకీ. మిక్సీ వచ్చాక రోజు మార్చి రోజు టిఫిను. 'బటన్ నొక్కడమే కదా' అనేవారు నాన్న. మరి అమ్మకి మిగిలిందేంటి? ఇదే గట్టిగా రాసి గ్రూపులో పడేద్దామని, ముందు అమ్మకి ఫోన్ చేశాను.

అమ్మ నవ్వింది. "నీకేం తెలుసే! నువ్వు కడుపులో ఉండగా, నెలలు నిండాక కూడా కూర్చుని రుబ్బాను. లేచేసరికి నడుం పట్టేసేది. మిక్సీ వచ్చాక ఎన్నిసార్లు చేసినా నిలబడే కదా చేశాను. ఆయన పెళ్ళాం కోసం చేశాడో, ఎవరి కోసం చేశాడో నాకెందుకు? నా నడుం కోసమే చేశాడనుకున్నా."

దీనికి నా దగ్గర జవాబు లేదు. ఆలోచిస్తే, భార్య కష్టం విని దాని మీద బుర్ర పెట్టి కూర్చోవడం కూడా చిన్న సంగతేం కాదు. ఆ రోజుల్లో 'పాడైతే రోట్లో రుబ్బుకో' అనేవాళ్ళే ఎక్కువ. కాబట్టి మాథుర్ గారికి నా తరఫున కూడా ఒక దండం. ఆ హెడ్డింగుకి మాత్రం పెట్టను. గ్రూపులో 'ఆవిడ పేరు మాధురి' అని మాత్రం రాసి వదిలేశాను. ఎవరూ పలకలేదు.

అమ్మ అప్పటికే మాట మార్చేసింది. "మామిడికాయలు దిగుతున్నాయి. ఆవపిండి నువ్వు పట్టుకుంటావా, నన్ను పంపమంటావా?"

పంపమన్నాను. మరీ మెత్తగా వద్దని కూడా చెప్పాను.