కూలి లేని లేసు

విరేచనాలు తగ్గి మళ్లీ బడికి వెళ్తున్నాను కదా అనుకునేలోపు అరికాళ్లలో తిమ్మిర్లు మొదలయ్యాయి. దగ్గర్లో ఉన్న క్లినిక్‌లో నీరసం అని తేల్చి, బీ12 ఇంజెక్షన్ చేసి పంపించారు. మర్నాటికి మెట్లెక్కలేకపోయాను. ఆ తర్వాత జాకెట్టు హుక్కులు కూడా పెట్టుకోలేని పరిస్థితి వచ్చింది. మా ఆయన ఇక ఆగకుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్లిపోయారు.

అక్కడ న్యూరాలజీ డాక్టరు గారు మోకాలి చిప్ప కింద చిన్న సుత్తితో కొట్టి చూశారు. కాలు కదల్లేదు. "ఒక్క ఊపిరిలో ఒకటీ రెండూ లెక్కపెట్టండమ్మా, ఎంతదాకా వెళ్తారో చూద్దాం" అన్నారు. రోజూ పిల్లల చేత ఎక్కాలు అప్పజెప్పించుకునేదాన్ని, పద్నాలుగు దాటలేకపోయాను. ఆ అంకె ఇంకా పడిపోతే ఊపిరి కండరాలు కూడా పట్టు తప్పుతున్నట్టట. అందుకని ఐసీయూలో పెట్టి పూటపూటా లెక్కపెట్టించారు. వెంటిలేటర్ దాకా పోలేదు, అదే పదివేలు.

గిలాన్ బారే సిండ్రోమ్ అన్నారు, పొట్టిగా జీబీఎస్. 1916లో ఫ్రెంచి డాక్టర్లు వర్ణించిన జబ్బు, ఏడాదికి లక్షమందిలో ఒకరికో ఇద్దరికో వస్తుంది. కడుపులోకి వచ్చిన సూక్ష్మజీవి మీద పోట్లాడాల్సిన రోగనిరోధక శక్తి దారి తప్పి మన నరాల మీదే, చాలామందిలో వాటిని కప్పి ఉండే మైలిన్ పొర మీద పడుతుంది. వైద్యం ఇమ్యునోగ్లోబులిన్, అంటే ప్రతిరక్షకాల మందు: కిలో బరువుకి రోజుకి 0.4 గ్రాముల చొప్పున 5 రోజులు రక్తనాళంలోకి ఎక్కిస్తారు. నా బరువు 55 కిలోలు, అంటే మొత్తం 110 గ్రాములు. వేలమంది దాతల ప్లాస్మా నుంచి తీసే మందు కాబట్టి ఖరీదు చెప్పక్కర్లేదు. మా ఆయన నా గాజులు తాకట్టు పెట్టిన సంగతి ఇంటికొచ్చాకే తెలిసింది. దేవుడు నన్నెలా నిలబెట్టాడని చర్చిలో ఎవరైనా అడిగితే నేను ముందు చెప్పేది ముక్కూమొహం తెలియని ఆ దాతల గురించే.

భీమవరంలో మా ఇంటికి చేరేసరికి కూర్చోగలుగుతున్నాను గానీ చేతులు నావి కావు. అన్నం ముద్ద కలపడం రాదు. ఫిజియోథెరపీ అబ్బాయి మెత్తటి బంతి ఇచ్చి నొక్కమన్నాడు, బఠాణీలు ఒక్కొక్కటే ఏరి గిన్నెలో వెయ్యమన్నాడు. బఠాణీలు ఎన్నని ఏరతాం! మూడో గిన్నెకల్లా ఏడుపొచ్చేది. చూసీ చూసీ అమ్మ తన ట్రంకుపెట్టె అడుగునుంచి కొక్కెం సూదీ తెల్లదారం ఉండా తీసింది.

అమ్మది నర్సాపురం పక్క పల్లె. అక్కడి లేసు 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన పని. 2024లో దానికి ఫలానా ప్రాంతపు సరుకని చెప్పే జీఐ గుర్తింపు కూడా వచ్చింది. అమ్మ కాలంలో ఏజెంటు దారం కట్టలు ఇంటికి తెచ్చిచ్చేవాడు, కూలి కట్ట లెక్కన. విడివిడి పువ్వులు అల్లితే చేతిపని, వాటిని కలిపితే అతుకుపని, ఆ పైన కాజాకుట్టు. ఒక్కొక్కళ్లది ఒక్కో పని కావడంతో తాము చేసిన బల్లగుడ్డ మొత్తంగా ఎలా ఉంటుందో చాలామంది చూసి ఎరగరు. అవన్నీ విదేశాలకి పోయేవి. అమ్మ చేసిన పువ్వు ఒక్కటి కూడా మా ఇంట్లో లేదు. నన్నయితే ఆ సూది ముట్టనివ్వలేదు. "నువ్వు పుస్తకం పట్టు" అని చేతిమీద కొట్టేది. నా ట్రైనింగు ఫీజు చాలావరకు ఆ దారంలోంచే వచ్చింది.

అలాంటి మనిషి యాభయ్యో పడికి దగ్గరపడ్డ కూతురికి లేసు నేర్పడానికి కూర్చుంది.

సూది సన్నం, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నిలవక జారిపోయేది. అమ్మ పాతచీర పేలిక చుట్టి దాన్ని లావు చేసింది. ఆరు గొలుసులు వేసి గుండ్రంగా కలపాలి, ఆ కన్నంలోంచి రెక్కలు తియ్యాలి. ఎడమచేతి చిటికెనవేలికి దారం ఒక చుట్టు వేసుకుంటే అది ఎంత వదలాలో అంతే వదులుతుంది. నా చిటికెనవేలికి స్పర్శ సరిగ్గా లేదు, దారం బిగుసుకుని వేలు ఎర్రబడ్డా తెలిసేది కాదు. అమ్మే చూసి సర్దేది. మొదటి పువ్వు పువ్వులా లేదు. "ఏజెంటైతే మొహాన కొట్టేవాడు" అంది అమ్మ. ఇద్దరం నవ్వుకున్నాం. జబ్బు పడ్డాక ఆ ఇంట్లో నవ్వు వినపడటం అప్పుడే.

జీబీఎస్‌లో బలం తిరిగొచ్చాక కూడా చాలామందికి అలసట వదలదు. అలిసిపోకముందే ఆపాలి అని ఫిజియో అబ్బాయి చెప్పేవాడు. అలిసిపోకముందు అనేది ఎప్పుడో ఎవరికి తెలుస్తుంది? లేసులో తెలుస్తుంది. పొద్దున వేసిన గొలుసులు బియ్యపు గింజల్లా ఒకే తీరున ఉండేవి, మధ్యాహ్నానికి వదులయ్యేవి. వదులైన చోట అమ్మ సూది లాగేసుకుని "పడుకో" అనేది. పనుండగా పడుకోవడం నాకు చేతకాని విద్య. తెల్లారకముందే లేచి చాలా రాత్రయ్యాక పడుకోవడం వ్యర్థమని చెప్పే, బైబిల్లో సొలొమోను పేరిట ఉన్న 127వ కీర్తన అమ్మకి గుర్తుచేశాను. "సొలొమోనుకి ఏజెంటు లేడమ్మా" అంది.

ప్రార్థన సంగతి దాచుకోను. పరామర్శకొచ్చిన వాళ్లు గట్టిగా ప్రార్థించి వెళ్లేవాళ్లు. ఒకావిడ "ఏదైనా ఒప్పుకోని పాపముందేమో చూసుకోమ్మా" అని కూడా సలహా ఇచ్చింది, కాఫీ తాగి మరీ. నాకు మాత్రం నోట మాట వచ్చేది కాదు. లేసు పట్టుకున్నాక ఒక్కో రెక్కకి ఒక్కో పేరు తల్చుకోవడం మొదలైంది. ఐసీయూలో పక్కమంచం కుర్రాడు, రాత్రి డ్యూటీ నర్సమ్మ, మా క్లాసు పిల్లలు. అడగడానికేం లేదు, పేరు తల్చుకుని దారం లాగడమే. అది ప్రార్థన అవునో కాదో పెద్దవాళ్లు తేల్చుకోవచ్చు, నాకు సరిపోయింది.

ఎదురెదురుగా కూర్చుంటే అమ్మా నేనూ పోట్లాడుకుంటాం. పక్కపక్కన, కళ్లు దారం మీద ఉంటే మాటలు వేరేగా వచ్చేవి. నాన్న పోయిన ఏడాది తను రాత్రుళ్లు వీధిదీపం కింద అల్లిందని, ఆ అల్లిక అంటే ఇప్పటికీ అసహ్యమని అప్పుడే చెప్పింది. "మరి నాకెందుకు నేర్పుతున్నావే?" అంటే, "నీకు లెక్క చెప్పేవాడు లేడుగా" అంది. మా ఆయన సాయంత్రాలు పేపరు పక్కనపెట్టి దారం ఉండలు చుట్టేవారు. బాగా చుట్టలేరు గానీ మానరు.

లేసు నన్ను నయం చేసిందని చెప్పను. నయం చేసింది మందూ, వ్యాయామమూ, మెల్లగా తిరిగి కట్టుకున్న నరాల పొర. ఇప్పుడు బడికెళ్తున్నాను, బోర్డు మీద రాస్తున్నాను. సాయంత్రానికి మడమలు బరువెక్కుతాయి, కాలివేళ్లలో మొద్దుబారినతనం పూర్తిగా పోలేదు.

ఇన్‌స్టాగ్రామ్‌లో పెడితే అమ్ముడుపోతాయి అక్కా అని మా పిన్ని కూతురు పోరుతోంది. అమ్మడం తప్పని కాదు, నర్సాపురం చుట్టూ ఎన్ని ఇళ్లు దానిమీద నడవడం లేదు! నాకు మాత్రం మార్కులూ, హాజరుపట్టీలూ, మందుల బిల్లులూ కాకుండా లెక్కల్లేని చోటు ఒక్కటుండాలి.

పువ్వులన్నిటికీ అతుకుపని అమ్మే చేసింది, కాజాకుట్టుతో సహా. చిన్న బల్లగుడ్డ అయింది. మొన్న పక్కింటావిడ వచ్చి చేత్తో తడిమి చూసి, "భలే ఉంది పిన్నిగారూ, ఎంతకిస్తారు?" అని అడిగింది.

"ఇరవై వేలు" అంది అమ్మ, అద్దాలు సర్దుకుంటూ. "దారం డబ్బులు వేరే."