ఉద్దానంలో పెరుగుతున్నది ఏ లెక్క?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బు మీద ఎప్పుడు వార్తొచ్చినా "బాధితులు పెరిగిపోతున్నారు" అనే ఉంటుంది, చూడగానే గుండె గుభేలుమంటుంది గానీ ఏ లెక్క పెరిగిందో మాత్రం ఎవరూ రాయరు. లెక్కలు రెండున్నాయి కదా. కవిటి, సోంపేట, పలాస, మందస అన్నీ కలిపి ఇవాళ్టికి ఆ జబ్బుతో ఉన్నవాళ్లెంతమంది అన్నది ప్రివలెన్స్, ఈ ఏడాది కొత్తగా ఎంతమందికొచ్చింది అన్నది ఇన్సిడెన్స్. బస్సులో కూర్చున్న జనం వేరు, ఈ స్టాపులో ఎక్కినవాళ్లు వేరు, అంతే. ఈ బస్సు దిగడమంటే ఏంటో చెప్పక్కర్లేదు, ముదిరిన కిడ్నీ మళ్లీ బాగవదు.

అసలు తిరకాసు ఇక్కడే ఉంది. డయాలసిస్ అంటే వారానికి రెండు మూడుసార్లు, వెళ్లిన ప్రతిసారీ నాలుగ్గంటలు మెషీన్ పక్కన, సెంటర్ దూరమైతే కూలి పోయి ఛార్జీలు పోయి మనిషి మధ్యలోనే మానేస్తాడు. ఇప్పుడు దగ్గర్లో సెంటర్లున్నాయి, 2023 డిసెంబర్లో పలాసలో ఏకంగా కిడ్నీ ఆస్పత్రే తెరిచారు. వైద్యం అందితే ఇంకొన్నేళ్లు బతుకుతారు, బతికితే ప్రివలెన్స్ పెరుగుతుంది! అది పెరిగితే నాకైతే సంతోషమే. షుగర్, బీపీ లేనివాళ్లకి కూడా ఎందుకొస్తోందో ఇంకా తేల్లేదు, నీళ్లన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో పనన్నారు, వీటిలో దేన్ని మార్చినా ఫలితం కనపడాల్సింది ఇన్సిడెన్స్‌లో.

ఏలూరు కథ దీనికి పూర్తిగా రివర్స్. 2020 డిసెంబర్లో కొద్దిరోజుల్లోనే దాదాపు ఆరొందల మంది ఫిట్సు, కళ్లు తిరగడంతో ఆస్పత్రికెళ్లారు, రక్తంలో సీసం, నికెల్ కనపడ్డాయన్నారు, ఎక్కువమంది త్వరగానే కోలుకుని ఇంటికెళ్లిపోయారు. అది అవుట్‌బ్రేక్, ఉద్దానంది ఎండెమిక్, ఏళ్ల తరబడి అక్కడే తిష్ట వేసింది. రెండింటికీ ఒకే హెడ్డింగు పెడతారు మనవాళ్లు, "వింత వ్యాధి" అని.

ఇంకోటి, మెడికల్ క్యాంపు పెట్టి వందమందికి టెస్ట్ చేస్తే ఇంతమందికి తేలింది, అంటే ఊళ్లో ఇంత శాతం అని రాసేస్తారు. క్యాంపుకొచ్చేదెవరండీ, కాళ్లు వాచినవాళ్లు, ఇంట్లో ఆల్రెడీ ఒకరికి ఉండి భయపడుతున్నవాళ్లు, జీడితోటలో పనికెళ్లిన కుర్రాడు రాడు కదా. ఊరి లెక్క కావాలంటే ఓటర్ల లిస్టులాంటి దాంట్లోంచి లాటరీ తీసినట్టు పేర్లు తీసి ఆ ఇళ్లకే వెళ్లాలి. పైగా రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం) ఒక్కసారి ఎక్కువొస్తే చాలదు, ఒంట్లో నీళ్లు తగ్గినా పెరుగుతుంది, దీర్ఘకాలిక జబ్బు అనాలంటే కనీసం మూడు నెలలాగి మళ్లీ చూడాలి. ఆ రెండో టెస్ట్ ఎంతమందికి చేశారో ఏ వార్తలోనైనా చదివారా?