పల్లీల అవ్వ దిద్దిన బొమ్మ

దోస్తులారా, మన బడి గేటు పక్కన పల్లీల బండి పెట్టుకునే అవ్వ మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. పాత పరీక్ష పేపర్లలో పొట్లాలు కట్టేది. ఒకసారి నా లెక్కల పేపరే నాకు పొట్లమై వచ్చింది, పైన ఎర్ర సిరాతో 11 మార్కులు! ఆ సంగతి అలా ఉంచండి. తొమ్మిదో తరగతిలో నేను ఆ అవ్వ బొమ్మ గీశాను.

అంతకుముందు నా బొమ్మలు ఎవరికీ చూపించింది లేదు. నోటుబుక్కు వెనుక పేజీల్లో గీసి, ఎవరైనా వస్తే మూసేసేవాణ్ణి. గీసేవి కూడా ఏమిటి? క్యాలెండర్లోని దేవుళ్ళు, పోస్టర్ల మీది హీరోలు, రెండు కొండల మధ్య సూర్యుడు. వరంగల్ కొత్తవాడలో, మగ్గాల మధ్య పుట్టి పెరిగినవాడికి కొండల మధ్య సూర్యుడు ఎక్కడ కనిపించాడో! నాన్న జంపఖానా నేస్తుంటే, ఆ మగ్గం పక్కనే కూర్చుని ఆ కొండలే గీసేవాణ్ణి.

ఒక శనివారం డ్రాయింగ్ సారు మమ్మల్ని వేయిస్తంభాల గుడికి నడిపించుకుపోయారు. గుడి మొత్తం గీయొద్దు, నందిని అసలే గీయొద్దు అన్నారు. ఒక్కొక్కరికి ఒక్కో స్తంభం, ఇంటికి పోయేదాకా దాని ముందే. 1163లో రుద్రదేవుడు కట్టించిన గుడి అని సోషల్ సారు అప్పటికే బట్టీ పట్టించారు. కానీ ఆ నల్లరాయి అంత నున్నగా ఉంటుందని, అందులో నా తెల్ల చొక్కా మసకమసకగా కనబడుతుందని ఆ రోజే చూశాను. మొదటి అరగంట గీయడానికి ఏమీ లేదనిపించింది. తర్వాత సన్నటి గీత ఒకటి కనబడింది, దాని కింద ఇంకొకటి, ఆ రెంటి మధ్య పూసల్లాంటి చెక్కడం. సాయంత్రానికి కాగితం చాలలేదు. "ఏం గీయాల్నో తోస్తలేదు సార్" అనే మాట ఆయన దగ్గర మళ్ళీ ఎత్తలేదు.

ఆ ఏడు ఆగస్టు 15కు రెండు వేపచెట్ల మధ్య సుతిలి కట్టించి, ఇళ్ళ నుంచి బట్టల క్లిప్పులు తెమ్మని, అందరి బొమ్మలు వేలాడదీయించారు సారు. నా చేతిలోంచి పల్లీల అవ్వ బొమ్మ ఆయనే లాక్కున్నారు. క్లాసులో కొందరు నవ్వారు. ఎవరన్నది రాయను, మీకు తెలుసు. జెండా వందనం అయ్యాక అవ్వ బండి వదిలి లోపలికి వచ్చింది. నా కాళ్ళలో వణుకు. ముక్కు సరిగ్గా రాలేదంటుందనుకున్నా. ఆమె బొమ్మలోని ముఖం వైపే చూడలేదు, చేతినే చూసింది.

"పొట్లం గిట్ల పడ్తరా కొడుకా? పల్లీలన్నీ కిందవడ్తయి. బొటనేలు లోపటుండాలె."

జేబులోంచి ప్రోగ్రాం కాగితం తీసి ఇచ్చాను. నాకు అర్థమయ్యేలా నిదానంగా మూడుసార్లు చుట్టి చూపించింది. కాగితం మూల బొటనవేలికి ఆనించి, మణికట్టు ఒక్క తిప్పు తిప్పి, కింది కొస నొక్కి మడవడం. రోజూ ఆ చేతుల నుంచే పల్లీలు కొనుక్కుని తిన్నాను, కానీ ఆ తిప్పు ఎప్పుడూ చూడలేదు. చెయ్యి మళ్ళీ గీసి తెచ్చిస్తే బండి కమ్మీకి కట్టుకుంది. నెల తిరక్కుండానే నూనె మరకలతో పారదర్శకమైపోయింది ఆ కాగితం. తర్వాత ఇస్త్రీ బండాయన పిలిచాడు, తననూ గీయమని.

డిగ్రీ అయ్యాక ఒక పోటీకి బొమ్మ పంపాను. నాలుగు మడతలతో, టీ గ్లాసు పెట్టిన గుండ్రటి మరకతో తిరిగొచ్చింది. ఆ మంటతో రెండేళ్ళు ఎవరికీ ఏమీ చూపలేదు. ఆ రెండేళ్ళు గీసినవి తీసి చూస్తే నవ్వొస్తుంది, మళ్ళీ అవే కొండలు, అదే సూర్యుడు!

మా తాత చేర్యాల పటాల సంగతి చెప్పేవాడు. చేర్యాల ఇప్పుడు సిద్దిపేట జిల్లాలోకి పోయింది గానీ, మన చిన్నప్పుడు వరంగల్ జిల్లాయే. ఖాదీ బట్టకు గంజి, తెల్లమట్టి, చింతగింజల అంబలి, చెట్టు జిగురు పూసి నకాషీ వాళ్ళు బొమ్మలు వేస్తారు. మా పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులి వాళ్ళు ఆ పటం కొంచెం కొంచెంగా విప్పుతూ కథ చెప్పేవాళ్ళు. కథ ముందే తెలిసిన జనం ముందు విప్పే బొమ్మ అది. తప్పు గీసి తప్పించుకునే వీలెక్కడిది? ఆ వేసినవాళ్ళకు ఎంత టెన్షన్ ఉండేదో అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

కరీంనగర్ వైపు బూరుగుపల్లి నుంచి వచ్చిన తోట వైకుంఠం గారు ఊరి ఆడవాళ్ళను, వాళ్ళ పెద్ద బొట్టుతో సహా గీసి దేశమంతా పేరు తెచ్చుకున్నారు. అది తెలిశాక ఆ రోజు నవ్విన మీ మీద కోపం పోయింది. సగం.

ఇప్పుడు ప్రెస్‌లో పెళ్ళిపత్రికలు డిజైన్ చేస్తాను, ఆదివారాలు బొమ్మలు వేస్తాను. పోయిన ఏడు నాన్నను మగ్గం మీద కూర్చోబెట్టి వేశాను, అంటే జ్ఞాపకం నుంచి. మగ్గం ఎప్పుడో తీసేశాం. తీసుకెళ్ళి చూపిస్తే కళ్ళద్దాలు సవరించుకుని చాలాసేపు చూశాడు.

"ఈ కాలు తొక్కినప్పుడు ఈ చెయ్యి గీడ ఉండదు బిడ్డా" అని, కుర్చీలోనే కూర్చుని గాలిలో నేసి చూపించాడు. ఎనభై దాటిన కాళ్ళు, చేతులు, ఒక్క లెక్క తప్పలేదు. ఫోన్‌లో వీడియో తీద్దామనుకుని, తీయకుండా పెన్సిల్ పట్టుకున్నా. ఆ బొమ్మ ఇంకా పూర్తి కాలేదు. కాళ్ళ దగ్గరే ఆగింది.

మన కలయిక రోజుకు దాన్ని తెస్తాను, ఎట్లుంటే అట్లే. మీరూ ఇంట్లో దాచుకున్నవి తీసుకురండి, బొమ్మలైనా కవితలైనా. వేపచెట్లలో ఒకటే మిగిలిందట, రెండో కొస తొమ్మిదో తరగతి కిటికీ ఊచకు కడదాం. సుతిలి నేను తెస్తా. క్లిప్పులు మీరు తేవాలి.