నాన్న తీసిన స్క్రీన్‌షాట్

పొద్దున టిఫిన్ చేస్తుండగా తెనాలి నుంచి నాన్న ఫోన్. ఇంటిపన్ను ఆన్‌లైన్‌లో కట్టారట. ఖాతాలో డబ్బులు కట్ అయ్యాయి, రసీదు మాత్రం రాలేదు. "ఏదో ఎర్ర అక్షరాల్లో వచ్చిందమ్మా, చదివేలోపే పోయింది" అన్నారు. గొంతులో టెన్షన్ తెలిసిపోతోంది.

బ్యాంకు పేజీలో ఆ చెల్లింపు వివరాలు తెరిపించి పంపమన్నాను. సెల్‌ఫోన్‌తో మానిటర్‌ని ఫొటో తీసి పంపారు. తెర నిండా అలల్లాంటి గీతలు, సరిగ్గా లావాదేవీ నంబర్ మీదే ట్యూబ్‌లైట్ మెరుపు. చివరి అంకె 3 ఆ, 8 ఆ అనేది ఎంత పెద్దది చేసి చూసినా తేలలేదు.

"ప్రింట్ స్క్రీన్ కూడా నొక్కాను, ఏమీ కాలేదు" అన్నారు. ఆయన ఉద్యోగం చేసిన, విండోస్‌కి ముందటి డాస్ రోజుల్లో ఆ మీట నొక్కితే చాలు, తెర మీది అక్షరాలన్నీ డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ కాగితం మీద కొట్టేసేది. ఇప్పుడు నాన్న దగ్గరున్న విండోస్ 10లో బొమ్మ చప్పుడు లేకుండా క్లిప్‌బోర్డ్‌లోకి, అంటే కాపీ చేసినవి తాత్కాలికంగా ఉండే చోటికి వెళ్తుంది. పెయింట్‌లోనో వర్డ్‌లోనో పేస్ట్ చేస్తే తప్ప కనబడదు. ఏమీ కాలేదని ఆయన అనుకోవడంలో వింతేముంది?

విండోస్ మీట పట్టుకుని ప్రింట్ స్క్రీన్ నొక్కమన్నాను. "తెర ఒక్కసారి మసకబారిందమ్మా!" అన్నారు. అంటే ఫైల్ సేవ్ అయినట్టే. పిక్చర్స్‌లో స్క్రీన్‌షాట్స్ ఫోల్డర్ తెరిచారు, అక్కడే ఉంది. నాణ్యత తగ్గించకుండా బొమ్మని దాచే పీఎన్‌జీ రకం ఫైల్ కాబట్టి అక్షరం చెదరలేదు. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే మళ్ళీ నాణ్యత తగ్గుతుందని డాక్యుమెంట్‌గా పెట్టించాను. చివరి అంకె 8.

డబ్బు కట్టేటప్పుడు తెర మొత్తం తీయాలనే నేనంటాను. కింద మూలన తేదీ, టైమూ కూడా పడతాయి. పరాయివాళ్ళకి పంపేటప్పుడు మాత్రం విండోస్, షిఫ్ట్, ఎస్ కలిపి నొక్కి కావాల్సిన ముక్కే తీసుకోవాలి. ఖాతా నంబర్ మీద హైలైటర్ పెన్ను రుద్దితే సరిపోదు, కింది అంకెలు లీలగా కనిపిస్తూనే ఉంటాయి. 2023లో విండోస్‌లో తెర బొమ్మలు తీసే స్నిప్పింగ్ టూల్‌లో ఒక లోపం బయటపడింది: బొమ్మని కత్తిరించి అదే ఫైల్ మీద సేవ్ చేస్తే, కత్తిరించిన భాగం కొంత లోపలే మిగిలిపోయేది. దాన్ని సరిచేశారు కానీ, అప్పటి నుంచి నేను అవసరమైన ముక్కని విడిగానే తీస్తున్నాను.

ఆ ఫైల్ పేరు "స్క్రీన్‌షాట్ (1)" అని ఉంటే వచ్చే ఏడాది ఎవరికి గుర్తుంటుంది? ఎఫ్2 నొక్కి "ఇంటిపన్ను, డబ్బు కట్ అయింది, రసీదు రాలేదు" అని మార్పించాను. నాన్న ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొడుతుంటే లైన్లోనే ఉన్నాను, అమ్మ వెనకనుంచి కామాలు కూడా చెబుతోంది.

మధ్యాహ్నం దాన్ని జతచేసి ఫిర్యాదు పంపాను. ఇంకా జవాబు రాలేదు. రేపు ఆఫీసు తెరవగానే నాన్న ఆ నంబర్ రాసుకుని స్వయంగా వెళ్తానన్నారు.