చీటకి అచ్చింది

రాత్రంతా హైదరాబాద్ నుంచి ప్రయాణం చేసి విశాఖలో దిగి, పొద్దున్నే మళ్ళీ బొర్రా గుహలకని కిరండూల్ పాసింజర్ ఎక్కడం అంటే నాకే చిరాకేసింది. ఎక్కేసరికి సీట్లన్నీ నిండిపోయాయి. కిటికీ పక్కనున్న ఒక పెద్దావిడ కాస్త జరిగి, మా పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. పాపకి ఇరవై ఆరు నెలలు. కొత్తవాళ్ళ దగ్గరికి అస్సలు వెళ్ళదు. ఆ రోజు మాత్రం కిటికీ కోసం వెళ్ళిపోయింది.

శృంగవరపుకోట దాకా నిద్రపోయాను. శివలింగపురం దాటాక సొరంగం రాగానే పెట్టెలో పిల్లలంతా కేకలు పెట్టారు. మా పాప మాత్రం బిగుసుకుపోయింది. వెలుగు వచ్చాక నావైపు తిరిగి మెల్లగా, "నాన్నా, చీటకి అచ్చింది" అంది.

చీకటి అన్న మాట ఎప్పుడు నేర్చుకుందో! కరెంటు పోయినప్పుడు మేం అనేది విని దాచుకుందేమో. తర్వాతి సొరంగం దాటగానే "చీటకి పోయింది" అని తనే చెప్పింది. అరకు దాకా ఈ దారిలో బోలెడు సొరంగాలు. నాలుగైదు దాటేసరికి పాప ఒక సంగతి కనిపెట్టేసింది. రెండు అరచేతులతో కళ్ళు మూసుకుని "అచ్చింది" అంటుంది, తీసి "పోయింది" అంటుంది. బయట ఎండ కాస్తూనే ఉంది.

"ఏటమ్మా, నువ్వు పిలిత్తే వచ్చేత్తాదా సీకటి?" అంది పెద్దావిడ.

పాప ఆమె నోటివైపే చూసి, "ఏటి?" అంది.

"ఏటీ?" అంది ఆవిడ.

"ఏటి!" అంది ఇది.

చిమిడిపల్లిలో గూడ్సు క్రాసింగ్ కోసం ముప్పావుగంట ఆపేశారు. 1960ల్లో ఈ లైను వేసిందే ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి, అందుకని పాసింజరే ఆగాలి. ఇంకోసారైతే విసుక్కునేవాణ్ణి. ఆ ముప్పావుగంటా వాళ్ళిద్దరి మధ్య "ఏటి" తప్ప వేరే మాట లేదు. మా నాయనమ్మది విజయనగరం. నేను బడి నుంచి రాగానే "ఏటిరా, ఇంతాలీసం?" అనేది. హైదరాబాద్‌లో స్థిరపడ్డాక మా ఇంట్లో ఆ మాట ఆమెతోనే పోయింది. అది మళ్ళీ నా కూతురి నోట వినిపిస్తుంటే గొంతు పూడుకుపోయి, కాసేపు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

బొర్రాలో దిగాం. బొంగు చికెన్ ధర వింటే మతిపోయింది, ఆ డబ్బుతో మా వీధిలో రెండు కిలోల కోడి వస్తుంది. అయినా కొన్నాం.

ఇక్కడ ఒకటి చెప్పాలి. ఎత్తుకోమనాలంటే మా పాప ఇన్నాళ్ళూ "నిన్నెత్తుకో" అనేది. "నిన్నెత్తుకోనా?" అని మేం అడుగుతాం కదా, "నిన్ను" అంటే తనే అనుకుంది. మేం సరిదిద్దలేదు. అలా అంటుంటే వినడం మాకు ఇష్టం. గుహలో మెట్లు దిగుతుంటే చల్లగాలి, పైనుంచి చుక్కచుక్కగా నీళ్ళు, రాళ్ళ మీద ఎర్రటి లైట్లు. ఎక్కడో గబ్బిలం రెక్కలు కొట్టుకున్నాయి. పాప నా ప్యాంటు పట్టుకుని, "నన్నెత్తుకో నాన్నా" అంది.

మా ఆవిడ మెట్టు మీదే ఆగిపోయి, "విన్నావా?" అంది. విన్నాను. ఎత్తుకుని గట్టిగా హత్తుకున్నాను. సంతోషం పట్టలేకపోయాను. ఆ వెంటనే, ఇక "నిన్నెత్తుకో" వినిపించదేమో అని గుండె చివుక్కుమంది. ఆ తర్వాత గుహలో ఏం చూశానో సరిగా గుర్తులేదు.

సాయంత్రం కిరండూల్ నుంచి వచ్చే పాసింజర్‌లో తిరుగుప్రయాణం. సొరంగాలన్నీ అయిపోయాయి. శృంగవరపుకోట దాటేసరికి బయట పూర్తిగా రాత్రయింది. పాప అరచేతులతో కళ్ళు మూసుకుంది, తీసింది. మళ్ళీ మూసుకుంది, తీసింది. కిటికీ అవతల నల్లగానే ఉంది. నా గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుంది.

"ఏటి నాన్నా, చీటకి పోదా?"